ఆయా పనికి చదువెందుకు అనేవాళ్ళకి

పిల్లాడు ఎమ్మెస్‌కి వెళ్తానంటే మన ఇళ్ళల్లో పొలం కాగితాలు తీసుకెళ్ళి బ్యాంకులో పెడతారు. ఏ యూనివర్సిటీ, ఎంత లోను, ఎన్నేళ్ళకి తీరుతుంది అని తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ అడిగి కనుక్కుంటారు. ఆడపిల్ల నర్సింగ్ చేసి విదేశం వెళ్తానన్నా ఇప్పుడు ఎవరూ కాదనడం లేదు. అదే పిల్ల "చంటిపిల్లల పెంపకంలో శిక్షణ తీసుకుంటాను, ప్రొఫెషనల్ నానీగా పనిచేస్తాను" అంటే మాత్రం ఇంట్లో అందరి మొహాలూ మాడిపోతాయి. "ఆయా పనికి లక్షలు పోసి అంత దూరం వెళ్ళాలా? రేపు సంబంధాల వాళ్ళకి ఏమని చెప్పాలి?"

మా అక్క చిన్న కూతురి విషయంలో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. సైఫాబాద్‌లో హోమ్ సైన్స్ చదివిన పిల్ల అది. శిశు వికాసం అంటే ప్రాణం. నేనూ చాలాకాలం నర్సరీ పిల్లలకి పాఠాలు చెప్పినదాన్నే కాబట్టి ఇంట్లో దాని తరఫున వాదించే పని నా మీద పడింది. ఆ వాదనే ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇదీ: ఈ చదువంటే మనకున్న చిన్నచూపే మన అమ్మాయిల్ని మోసపోయే దారుల్లోకి నెడుతోంది. బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడే చదువు గురించి ఎవరూ వివరాలు కనుక్కోరు. ఎవరూ కనుక్కోని చోట ఏజెంటు ఏం చెబితే అదే వేదం.

లండన్‌లో 1892లో ఎమిలీ వార్డ్ అనే ఆవిడ నార్లాండ్ అనే సంస్థని మొదలుపెట్టింది. అప్పటిదాకా అక్కడి కలవారి ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునేది ఎక్కువగా ఏ శిక్షణా లేని పేదింటి అమ్మాయిలే. పిల్లల్ని పెంచడం నేర్పించాల్సిన విద్య అని ఆవిడ నమ్మింది. 1840లో కిండర్‌గార్టెన్‌కి ఆ పేరు పెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ ఆలోచనలే ఆమెకి ఆధారం. పిల్లలు ఆటలో నేర్చుకుంటారనీ, వాళ్ళ మీద చెయ్యి చేసుకోకూడదనీ మొదటి నుంచీ ఆమె నియమం. తన దగ్గర చదువుకున్న అమ్మాయికి యజమాని ఇంట్లో పనిమనుషుల కంటే వేరే హోదా ఉండాలని కూడా పట్టుబట్టింది. ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. 2003 నుంచి ఇంగ్లండులోని బాత్ నగరంలో నడుస్తోంది. మూడేళ్ళ డిగ్రీ, ఆ తర్వాత ఒక కుటుంబంలో జీతం తీసుకుంటూ ఒక ఏడాది పని, అప్పుడు డిప్లొమా. బాలల మనస్తత్వం, పోషకాహారం, వంట, కుట్టుపని, నవజాత శిశువుల సంరక్షణ మాత్రమే నేర్పరు. జారే రోడ్డు మీద కారు అదుపు తప్పకుండా నడపడం, ఆత్మరక్షణ, సైబర్ భద్రత కూడా నేర్పుతారు. నర్సరీల్లోనూ బడుల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఇళ్ళల్లోనూ పనిచేసి చూపించాలి. బ్రిటన్ యువరాజు విలియం కొడుకు జార్జ్‌ని చూసుకోవడానికి 2014లో చేరిన మరియా బొర్రాల్లో అక్కడ చదివిన మనిషే. ఆ గోధుమరంగు యూనిఫాం, టోపీ చూడగానే ఆ దేశంలో గుర్తుపడతారు.

అదే లండన్‌లో, దాదాపు అదే కాలంలో, అదే పని చేసే ఇంకొక రకం ఆడవాళ్ళు ఉండేవారు. మన దేశం నుంచి వెళ్ళిన ఆయాలు. ఇక్కడి దొరల కుటుంబాలు సెలవుకో, ఉద్యోగం అయిపోయో ఇంగ్లండుకి తిరిగి వెళ్ళేటప్పుడు వారాల తరబడి ఓడలో పిల్లల్ని చూసుకోవడానికి ఆయాల్ని వెంట తీసుకెళ్ళేవి. కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల నుంచి వెళ్ళారు వాళ్ళు. సముద్రం మీద వాంతులు చేసుకునే పిల్లల్ని, రాత్రంతా ఏడ్చే పసివాళ్ళని ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళినవాళ్ళు. ఓడ దిగాక కొందరికి తిరుగు టికెట్ ఇచ్చారు. కొందరిని అక్కడే వదిలేశారు. చేతిలో డబ్బులేదు, భాష అంతంతమాత్రం, బయట చలి. అలాంటివాళ్ళ కోసం నడిచిన 'ఆయాల గృహం' 1900లో హాక్నీలోని కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డు 26వ నంబరు ఇంటికి మారింది. ఇండియాకి వెళ్ళే ఏదో ఒక కుటుంబం పిల్లల్ని చూసుకోవడానికి ఆయా కావాలని వస్తే, వాళ్ళతో పాటు తిరుగు ప్రయాణం కుదిరేది. ఫర్హానా మమూజీ అనే ఆవిడ పట్టుపట్టి ప్రయత్నించగా 2022 జూన్‌లో ఆ ఇంటి గోడ మీద, అక్కడ చరిత్ర ఉన్న ఇళ్ళకి పెట్టే నీలి ఫలకం పెట్టారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని మా బావగారితో అన్నాను. పిల్లల్ని ఎత్తుకున్న చేతులు రెండు చోట్లా ఒకలాంటివే. ప్రేమలో తేడా లేదు. నైపుణ్యంలో ఆయా ఏమీ తక్కువ కాదు, నెల రోజుల ఓడ ప్రయాణంలో నలుగురు పిల్లల్ని బతికించి గట్టుకి చేర్చిన మనిషి. కానీ బాత్ అమ్మాయి వెనక ఒక సంస్థ ఉంది, ఆమెకొక సర్టిఫికెట్ ఉంది, రాసుకున్న ఒప్పందం ఉంది. జీతం ఎగ్గొడితే అడిగేవాళ్ళున్నారు. ఆయాకి యజమాని మంచితనం తప్ప ఏ ఆధారమూ లేదు. "ఆయా పనికి చదువెందుకు" అన్నప్పుడల్లా మనం మన పిల్లని ఆ రెండో వరసలోనే నిలబెడుతున్నాం.

అది పాతకాలం కథ అనుకోవద్దు. ఉమ్మడి కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఎంతమంది లేరు! 20 నంబరు వీసా మీద 'ఖద్దామా'గా వెళ్తారు. కాగితం మీద ఇంటిపని. అక్కడికి వెళ్ళాక ఆ ఇంటి పిల్లల్ని పుట్టినప్పటి నుంచి బడికి పంపేదాకా పెంచేది వాళ్ళే. తమ పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళి, పరాయి పిల్లలకి అమ్మలవుతారు. 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని చెబుతోంది. తలుపు వేసిన ఇంటి లోపల ఆ చట్టం ఎంతవరకు అమలవుతుందో అక్కడి నుంచి వచ్చినవాళ్ళని అడిగితే చెబుతారు. వాళ్ళు చేసిన పిల్లల పెంపకం ఏ సర్టిఫికెట్‌లోనూ ఎక్కదు. పదేళ్ళ అనుభవంతో తిరిగొచ్చినా ఇక్కడ ఒక క్రెష్‌లో కూడా అది అనుభవం కింద లెక్కకి రాదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

అమెరికాకి డెలివరీలకి వెళ్ళే అమ్మల సంగతీ చూడండి. ఆరు నెలలు అమ్మ, ఆ తర్వాత ఆరు నెలలు అత్తగారు. షుగరూ మోకాళ్ళనొప్పులూ పెట్టుకుని, మంచు కురిసే ఊళ్ళో నాలుగు గోడల మధ్య పసిబిడ్డని పెంచి వస్తారు. ప్రేమతోనే వెళ్తారు, కాదనను. కానీ వాళ్ళ ఆరు నెలలు అయిపోయాక డాలస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మెసేజ్ ఏమిటి? "తెలుగు మాట్లాడే నానీ కావాలి, అర్జెంట్." అప్పుడు ఆ పనికి గంటకి ఇంత అని లెక్క తెలుస్తుంది.

ఇంతకీ ఇందులో చదవడానికి ఏముంది అనేవాళ్ళు మా అక్క వాళ్ళింట్లో ఒక సాయంత్రం ఉండాల్సింది. మా అక్క పెద్ద కూతురికి బాబు పుట్టి కొన్ని నెలలైంది. చిన్నది హాల్లో చాప మీద కూర్చుని, రబ్బరు బొమ్మతో పసిపిల్లల ఫస్ట్ ఎయిడ్ చేసి చూపిస్తోంది. అక్క అత్తగారు సోఫాలోంచి వంగి చూస్తున్నారు.

"పొలమారితే నెత్తి మీద తట్టాలి కదే?" అన్నారావిడ.

"మామూలుగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి మామ్మా. దగ్గూ ఏడుపూ రాకుండా గొంతులో అడ్డం పడితే నెత్తి మీద తట్టి లాభం లేదు. ఇదిగో ఇలా" అంటూ బొమ్మని బోర్లా ముంజేతి మీద పడుకోబెట్టింది. తల కాళ్ళకంటే కిందికి ఉండేలా, దవడని అరచేత్తో పట్టుకుని, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో అయిదుసార్లు నొక్కడం. మళ్ళీ మొదటి నుంచి. ఈలోపు ఇంకొకళ్ళు 108కి ఫోన్ చెయ్యాలి. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది. మామ్మగారు తాను కూడా ఆ బొమ్మ మీద చేసి చూశారు. "అరచేతి మడమంటే ఇదేనా?" అని రెండుసార్లు అడిగారు.

తర్వాత తేనె దగ్గర, ఆవాల దిండు దగ్గర గట్టి వాదనే అయింది. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో పెరిగి విషాన్ని తయారుచేసే ప్రమాదం ఉంది. తల గుండ్రంగా రావడానికి మనం పెట్టే ఆవాల దిండు కూడా ఆ వయసులో వద్దంటారు. బిడ్డని గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. 1991లో బ్రిటన్‌లో ముఖ్యంగా వెల్లకిలా పడుకోబెట్టమనే మాట మీద పెద్ద ప్రచారం జరిగింది. నిద్రలోనే పసిబిడ్డలు హఠాత్తుగా చనిపోవడం ఆ తర్వాత చాలా తగ్గిపోయింది. "మరి మీరంతా ఆవాల దిండు మీదే పెరిగారు" అన్నారు మామ్మగారు. ఆ మాటకి పిల్ల ఎదురు చెప్పలేదు. నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని లాల పోసేటప్పుడు ఆవిడ బిడ్డతో ఎడతెగకుండా మాట్లాడే మాటలు ఎంత విలువైనవో, బిడ్డకి మాటలు రావడానికి అవి ఎలా పనికొస్తాయో చెప్పింది. పెద్దవాళ్ళ అనుభవంలో ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో, ఎందుకో కారణంతో చెప్పగలగడమే ఈ చదువు. అది పుట్టుకతో వచ్చేది కాదు. ఆడపిల్ల అయినంత మాత్రాన అస్సలు రాదు. నార్లాండ్‌లో ఇప్పుడు మగపిల్లలూ చదివి పట్టా తీసుకుంటున్నారు.

ఇక దారుల సంగతి. మా పిల్ల మనసు మొదట బాత్ మీదే ఉండేది. కూర్చుని లెక్క వేశాం. ఫీజే ఏడాదికి పదిహేను వేల పౌండ్లకి పైమాట. మూడేళ్ళకి మన డబ్బుల్లో యాభై లక్షల చుట్టూ తేలుతుంది. ఇంటద్దె, తిండి వేరే. పోనీ అప్పు చేసి చదివినా, ఆ తర్వాత? 2025 జులై 22 నుంచి బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా దాదాపుగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే పరిమితం చేశారు. నానీ ఉద్యోగం ఆ జాబితాలో లేదు. చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళు ఉండేది, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ వాళ్ళకి ఏడాదిన్నరే. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఇంకో వీసా ఉంది కానీ అది అప్పటికే ఏడాదిగా తమ దగ్గర పనిచేస్తున్న మనిషిని యజమాని వెంట తెచ్చుకోవడానికి, అదీ ఆరు నెలలకి. పొడిగింపు లేదు. ఓడలో వెంట వచ్చిన ఆయా పరిస్థితికీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించదు. బ్రిటన్ మీద మనసున్నవాళ్ళు కనీసం ఒక పని చెయ్యాలి. విద్యార్థులకి వీసా స్పాన్సర్ చేసే అర్హత ఉన్న కాలేజీల జాబితాని అక్కడి ప్రభుత్వమే అందరికీ కనపడేలా పెడుతుంది. కాలేజీ ఎంత గొప్పదైనా ఆ జాబితాలో పేరు లేకపోతే మనకి పనికిరాదు.

కెనడా పేరు చెప్పి అమ్మే సరుకు గురించి కాస్త వివరంగా రాయాలి. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి మా పిల్లతో నేనూ వెళ్ళాను. ఆరు నెలల నానీ కోర్సు, ఆ తర్వాత కెనడా, రెండేళ్ళకి పీఆర్, అంటే శాశ్వత నివాసం, గ్యారంటీ అన్నాడు. కోర్సులో ఏం నేర్పుతారని అడిగితే బ్రోషర్ చేతికిచ్చాడు. అందులో విమానం బొమ్మ ఉంది, మేపుల్ ఆకు ఉంది, చంటిపిల్ల ఒక్కతీ లేదు! ఈ ఆరు నెలల లెక్క ఊరికే పుట్టలేదు. కెనడాలో 1992 నుంచి 2014 దాకా నడిచిన లివ్-ఇన్ కేర్‌గివర్ పథకంలో, ఆ ఇంట్లోనే ఉంటూ రెండేళ్ళు పనిచేసినవాళ్ళు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ఆరు నెలల శిక్షణ గానీ, ఏడాది అనుభవం గానీ ఉండాలి. పంజాబ్‌లో ఊరూరా నానీ కోర్సులు వెలిసింది అందుకే. ఆ పథకం పోయింది, 2019లో వేరే పైలట్ పథకాలు వచ్చాయి, అవీ ముగిశాయి. 2025 మార్చి 31న కొత్తవి తెరిస్తే దరఖాస్తుల కోటా ఆ రోజే నిండిపోయింది. పరాయి ప్రభుత్వం ఒక్క సంతకంతో మూసేయగల తలుపుని చూపించి "గ్యారంటీ" అనేవాడి దగ్గర ఒక్క రూపాయి కట్టొద్దు. ఆ తలుపు మూసుకున్న రోజున ఆరు నెలల సర్టిఫికెట్ ఇంకెక్కడా చెల్లదు.

జర్మనీలో కథ వేరు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ డేకేర్‌లో చోటు చట్టబద్ధమైన హక్కు అక్కడ, 2013 ఆగస్టు 1 నుంచి. హక్కు ఇచ్చాక చోటు చూపించాలి, చోటు ఉంటే చూసుకునే మనిషి ఉండాలి. ఆ మనుషులు చాలడం లేదు. డేకేర్ టీచర్ అయ్యే 'ఎర్ట్సీయర్' శిక్షణ సాధారణంగా మూడేళ్ళు, వాళ్ళకి సహాయకులయ్యే 'కిండర్‌ప్ఫ్లేగర్' అయితే రెండేళ్ళు. చివరికి ప్రభుత్వ గుర్తింపున్న అర్హత చేతికొస్తుంది. పని చేస్తూ నేర్చుకునే పద్ధతిలో చేరితే శిక్షణ కాలంలోనే డబ్బులిచ్చే చోట్లూ ఉన్నాయి. కష్టమల్లా భాష. సాధారణంగా బీ2, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి జర్మన్ అడుగుతారు, అది నెలల తరబడి కూర్చుని చదవాల్సిన చదువు. రెండేళ్ళ పిల్ల జర్మన్‌లో కడుపునొప్పి అంటే అర్థం కాని మనిషి చేతికి ఆ పిల్లని ఎలా ఇస్తారు? కాబట్టి ఆ షరతు న్యాయమైనదే. మా పిల్ల ఇప్పుడు ఆ దారిలో ఉంది, హైదరాబాద్‌లోనే జర్మన్ క్లాసులకి వెళ్తోంది.

ఇక్కడే ఒక మాట కలిపి అమ్ముతున్నారు, జాగ్రత్త. 'ఓ పెయిర్' అనే వీసాని శిక్షణ అని చెబుతున్నారు. అది శిక్షణ కాదు. 27 ఏళ్ళు నిండనివాళ్ళు ఒక జర్మన్ కుటుంబంతో ఏడాది దాకా ఉండి, వారానికి 30 గంటలకి మించకుండా పిల్లల్ని చూసుకుంటూ భాష, పద్ధతులు తెలుసుకోవడానికి పెట్టిన ఏర్పాటు. నెలకి 280 యూరోల చేతిఖర్చు ఇస్తారు, తిండీ గదీ వాళ్ళవే. భాష పట్టుబడటానికి మంచి అవకాశం, ఇష్టమైతే వెళ్ళొచ్చు. కానీ ఏడాది తర్వాత చేతిలో ఏ అర్హతా ఉండదని తెలిసి వెళ్ళాలి. దానికి లక్షల్లో కమీషన్ అడుగుతున్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

ఎమ్మెస్‌కి అడిగే ప్రశ్నలన్నీ దీనికీ అడగాలని నేను ఇంట్లో గోల పెట్టింది ఇందుకే. ఈ సర్టిఫికెట్‌ని ఏ ప్రభుత్వం గుర్తిస్తుంది? నిజమైన పిల్లల మధ్య ఎన్ని గంటలు పని చేయిస్తారు? ఆస్ట్రేలియాలో సర్టిఫికెట్ త్రీ కోర్సుకే 160 గంటలు చెయ్యాలి, బొమ్మల మీద చేస్తే సరిపోదు. కోర్సు అయ్యాక ఒక ఇంట్లోనే చెయ్యాలా, బడిలోనూ డేకేర్‌లోనూ చేరే వీలుందా? ఒక్క ఇంటికే కట్టేసే చదువు కంటే నాలుగు చోట్ల చెల్లే చదువు ఎప్పుడూ మేలు. యజమానితో గొడవ వస్తే వీసా పోతుందా, నిలుస్తుందా? ఇంట్లో ఉండి పనిచేసేవాళ్ళకైతే ఇదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మనవాళ్ళు జీతం ఎంత అని మాత్రం అడిగి ఊరుకుంటారు.

"ఇదంతా ఎందుకు, ఇక్కడే చెయ్యొచ్చు కదా" అని మా అక్క బాధ. అది న్యాయమైన బాధ. కానీ ఇక్కడ మనం ఈ పనికి ఇస్తున్నది ఏమిటి? 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద ఆరేళ్ళలోపు పిల్లల్ని చూసుకునే అంగన్‌వాడీ టీచర్లకి ఇప్పటికీ ఇచ్చేది గౌరవ వేతనమే. వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రాలో వాళ్ళు సమ్మెకి దిగితే చంటిపిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీద కూర్చున్నవాళ్ళని టీవీలో చూశాం. చదివిన విద్యకి ఇక్కడ విలువ పెరిగిన రోజు మా పిల్లే వెనక్కి రావచ్చు. అప్పటిదాకా ఆగమని చెప్పే నైతిక హక్కు మనకి లేదు.

మన రెండు ప్రభుత్వాలూ చెయ్యగలిగింది ఒకటుంది. తెలంగాణకి టామ్‌కామ్, ఆంధ్రకి ఓమ్‌క్యాప్ అని విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళే ఈసీఆర్ పాస్‌పోర్టు (వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం) మహిళల్ని ఇలాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం ఎప్పుడో నియమం పెట్టింది. నర్సులకి జర్మన్ నేర్పించి జర్మనీ పంపే పని టామ్‌కామ్ ఇప్పటికే చేస్తోంది. ఆ భాష క్లాసులోనే హోమ్ సైన్స్ చదివిన పిల్లలకీ, అంగన్‌వాడీలో పనిచేసిన వాళ్ళకీ, కువైట్‌లో పిల్లల్ని పెంచి తిరిగొచ్చిన అక్కలకీ కొన్ని సీట్లు ఇవ్వాలి. కువైట్ నుంచి వచ్చినవాళ్ళ అనుభవాన్ని పరీక్ష పెట్టి, చూసి, ఒక సర్టిఫికెట్‌గా రాసివ్వాలి. నైపుణ్యాభివృద్ధి సంస్థలు మేస్త్రీలకీ ఎలక్ట్రీషియన్లకీ ఇప్పటికే ఈ రకం సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. పిల్లల్ని పెంచినవాళ్ళకి ఇవ్వడానికి అడ్డం ఏముంది?